రాడార్ రేకులు

"ఏం పారేసుకున్నారు మేడం? ఉంగరమా, కమ్మా?"

డెబోరా ఉలిక్కిపడి తల తిప్పింది. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని, భుజాన తడి వల వేసుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె బస్సెక్కి మైపాడు వస్తుంది. బీచ్‌లో బజ్జీల కొట్ల వైపు పోదు. ఆ చివర సరుగుడు తోపు దగ్గర తిరుగుతుంది. జనం మధ్య ఒంటరిగా తిరగడం కన్నా జనం లేని చోట తిరగడం నయం కదా!

ఆమె చేతిలో ఒక దారం, దాని చివర అయస్కాంతం. ఇసుకలో దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తోంది.

"ఏమీ లేదండీ" అంది.

"మొహమాటపడబాకండి. వస్తువు పోతే ఇంట్లో ఎంత తిడతారో నాకు తెలవదా?" అంటూ అతను వల పక్కన పడేసి, వంగి ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు.

ఆ క్షణమే చెప్పేయొచ్చు. చెప్పలేదు. తన కోసం ఒక మనిషి ఏదైనా వెతికి రెండేళ్ళయింది మరి! అమ్మ రెబెక్కమ్మ పోయాక, కళ్ళజోడు ఎక్కడ పెట్టావే అని అడిగేవాళ్ళు కూడా లేరు. అందుకని గమ్మున నిలబడి చూసింది. అతను అరగంట వెతికాడు. రెండు సోడా మూతలు, ఒక దువ్వెన ముక్క దొరికాయి.

"ఎన్ని సవర్లుంటాది?" చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"బంగారం అయస్కాంతానికి అంటుకోదండీ."

అతను అయస్కాంతం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"మరి ఇంతసేపూ చెప్పరే?"

"మీరు అడగలేదు కదా!"

"అబ్బో! అడగలేదంట!" నడుం పట్టుకుని పైకి లేచాడు. "మరి దాంతో ఏం చేస్తుండారు?"

"నల్ల ఇసుక అంటుకుంటుంది. చూడటానికి బాగుంటుంది."

అతని పేరు మాల్యాద్రి. ఇంత వింత మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి మొహం మీదే అనేశాడు కూడా. డెబోరాకి నవ్వొచ్చింది. నవ్వితే దవడలు నొప్పెట్టాయి, వాడకంలో లేవు పాపం.

నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తానని చెప్పింది. దేని మీద అని అడిగాడు.

"రాడార్ రేకుల మీద."

"ఓ, రాడార్ రేకులా! మాకు తెలవకేంది" అన్నాడు మాల్యాద్రి హుషారుగా.

కొంప మునిగింది అక్కడే. మైపాడులో రాడార్ రేకు అంటే బోటు నిలువు కొయ్య మీద కట్టే రేకు. ఫైబర్ బోటు తనంతట తాను రాడార్‌కి ఆనదు. ఓడ మీది రాడార్ కిరణం దానికి తగిలి వెనక్కి పోతే, అక్కడ బోటుందని ఓడవాళ్ళకి చుక్క కనపడుతుంది. డెబోరా ల్యాబ్‌లో రాడార్ రేకు అంటే వచ్చిన కిరణాన్ని లోపలికి లాక్కుని వెనక్కి పంపకుండా మింగేసేది. మాట ఒకటే, అర్థాలు రెండు. ఇద్దరూ తలలూపుకున్నారు.

"ఆ రేకు మీద పూతకి బొగ్గు కావాలి. ఈ సరుగుడు కాయలతో మంచి బొగ్గు వస్తుంది" అంది ఆమె.

"కాయలేగా? నేను తెచ్చిస్తా ఉండండి."

ఆ శుక్రవారమే ల్యాబ్ ముందు బైక్ ఆగింది. వెనక ఒక గోతం నిండా సరుగుడు కాయలు. ఆ పై శుక్రవారం ఇంకో గోతం. డెబోరాకి కావలసింది మొత్తం రెండొందల గ్రాములు. ఆ మాట చెబితే అతను రావడం మానేస్తాడు కదా! చెప్పలేదు. ఎనిమిది నెలల్లో ముప్ఫై ఒక్క గోతాలు వరండాలో పేరుకున్నాయి. "ఏమ్మా, ఇది డిపార్ట్‌మెంటా, కట్టెల అడితా?" అని హెడ్ గారు రెండు సార్లు కేకలేశారు. డెబోరా రెండు సార్లూ సారీ సార్ అంది. మళ్ళీ శుక్రవారం ఇంకో గోతం దింపించుకుంది.

అతను వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేవాడు. గాలి తగలకుండా కాయల్ని కాల్చే గొట్టపు కొలిమి చూపించింది. నూరిన బొగ్గుని ఇనుప లవణాలతో కలిపి వండితే, బొగ్గు ఒంటి నిండా కంటికి ఆననంత సన్నటి అయస్కాంతపు రేణువులు ఎలా పుడతాయో చెప్పింది. కాగితం మీద నల్లపొడి పోసి కింద అయస్కాంతం పెడితే, పొడి ముళ్ళు ముళ్ళుగా లేచి నిలబడింది.

"ఓయమ్మా!" అన్నాడు మాల్యాద్రి. "ఉత్త బొగ్గే పూయొచ్చుగదా? ఈ ఇనుము ఎందుకు మధ్యలో?"

"ఉత్త బొగ్గయితే కిరణాన్ని గుమ్మంలోనే తిప్పి పంపేస్తుంది. ఉత్త ఇనుమైతే మోయలేనంత బరువు. రెండూ కలిస్తేనే కిరణాన్ని లోపలికి రానిస్తుంది. వచ్చాక పట్టుకుంటుంది, ఇంక వదలదు."

"బాగా పట్టుకుంటే మంచిదా?"

"బాగా పట్టుకోవాలనే కదా నా తిప్పలన్నీ!"

"రాడార్‌ని గట్టిగా పట్టుకునే రేకన్నమాట. బో మంచిది." అని, ఆమె వైపు చూడకుండా, "గుమ్మంలోనే తిప్పి పంపేవాళ్ళు కొందరుంటారులే" అన్నాడు.

"ఎవరు?"

"బొగ్గు గురించి చెప్తుండా."

డెబోరా చెవులు ఎర్రబడ్డాయి. పొడి సీసా మూత రెండు సార్లు పెట్టి తీసింది.

పూత కుదిరిన రోజు కూడా శుక్రవారమే. కొలిచే మిషన్ మైనస్ నలభై రెండు చూపించింది. అంటే తగిలిన కిరణంలో పదివేల వంతుల్లో ఒక వంతు కూడా వెనక్కి రాలేదు. అదీ సరిగ్గా ఓడల రాడార్లు పనిచేసే ఫ్రీక్వెన్సీ దగ్గర. నాలుగేళ్ళ కష్టం! ఎవరికి చెప్పాలా అని ఫోన్ తీసింది. అమ్మ నంబర్ ఇంకా అలాగే ఉంది. దాన్ని దాటి అన్న సుశీల్ కుమార్‌కి చేస్తే, "మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అంత ఆనందం చేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

మాల్యాద్రి గోతం దింపుతూ చూశాడు. విషయం విన్నాడు. మారు మాట లేకుండా బైక్ తిప్పుకుని పోయి, పావుగంటలో అరకిలో మలై కాజా పట్టుకొచ్చాడు.

"తినండి. మైనస్ అంటుంటే ఫెయిలయినారేమో అనుకున్నా" అన్నాడు. ఏడుస్తూనే నవ్వింది. చేతులకి పాకం అంటింది, కళ్ళు తుడుచుకోను కుదరక మోచేత్తో తుడుచుకుంది.

అలాగే నడిచిపోతే బాగానే ఉండేది. కానీ ఆ మైనస్ నలభై రెండుని చూసి పూణే నుంచి ఉద్యోగం వచ్చింది. జనవరిలో చేరాలి.

"పూణే పోతున్నానండీ" అంది డెబోరా. వద్దంటాడేమోనని ఆశగా చూసింది.

"మంచిదేగా" అన్నాడు మాల్యాద్రి. అబ్బే, నాకు పోవడం ఇష్టం లేదని అంటుందేమోనని ఆమె మొహంలోకి చూశాడు.

"మంచిదే" అంది ఆమె.

ఇద్దరూ నేల చూపులు చూశారు. ఇద్దరికీ చదువొచ్చు, మాటొచ్చు, ఏం లాభం!

"గుర్తుగా రెండు మూడు రేకులియ్యండి మేడం. పనికిరానివైనా సరే."

కొలతలు అయిపోయిన అల్యూమినియం రేకులు నాలుగు ఉన్నాయి. ఒక పక్క నల్లటి పూత, ఇంకో పక్క ఉత్త రేకు. తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఎక్కడ పెట్టుకుంటారు?"

"ఎత్తు మీద. అందరికీ కనపడేట్టు."

ఇంట్లో అల్మారా మీద అనుకుంది ఆమె. ఆ మాత్రం చోటు తనకి ఒకరింట్లో దొరికిందని ఆ పూటంతా సంతోషపడింది.

* * *

రైలు మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే డెబోరా మొదటి బస్సుకి మైపాడు వచ్చింది. వీడ్కోలు చెప్పాలని కాదు. అతను ఒక్కసారి వద్దంటే చాలని. వస్తున్నట్టు ఫోన్ చేయలేదు. చేస్తే ధైర్యం పోతుంది.

ఏడు దాటినా మంచు విడలేదు. ఒడ్డున లాగిపెట్టిన బోట్లు కూడా దగ్గరికి పోతేగానీ కనపడటంలేదు. మాల్యాద్రి వాళ్ళ అమ్మ మస్తానమ్మ చేపల గంప కడుగుతూ ఉంది. డెబోరాని చూడగానే చేతులు చీరకి తుడుచుకుంది.

"నువ్వేనా తల్లీ రేకుల అమ్మాయివి! వాడు తెల్లారుజామునే వేటకి పోయినాడే. పోర్టు వైపు చేపలు పడుతుండాయంట."

"పర్లేదండీ, ఉంటాను."

"నువ్విచ్చిన రేకుల గురించి ఊరంతా చెప్పుకున్నాడనుకో. నెల్లూరు మేడం చేసిన రాడార్ రేకులు, ఎంత దూరాన ఉన్నా పట్టుకుంటాయి అని! పాత రేకు పీకి పారేసి, నిన్న సందేళ బోటు కొయ్య మీద నాలుగు పక్కలా నీ రేకులే కట్టినాడు. నల్లగా నిగనిగలాడతా బో బాగుండాయి."

డెబోరాకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమయింది. 

"పాత రేకు... ఎందుకుండేదండీ?"

"ఎందుకేంది? ఓడలోళ్ళకి మన బోటు కనపడేదానికి."

కనపడేదానికి! నాలుగేళ్ళు రాత్రీ పగలూ కూర్చుని కనపడకుండా చేసే పూత చేసింది తను. దాన్ని తన చేత్తోనే తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ మనిషి దాన్ని కట్టుకుని ఈ మంచులో ఓడల దారిలోకి పోయాడు.

ఫోన్ చేసింది. సముద్రంలో అంత దూరానికి సిగ్నల్ లేదు. సంగతి విని మస్తానమ్మ గంప అక్కడే వదిలేసింది. డెబోరా చెయ్యి పట్టుకుని జాలర్ల సంఘం గదికి పరుగెత్తించింది.

గదిలో వైర్‌లెస్ సెట్టు ముందు కామాక్షయ్య కూర్చుని టీ తాగుతున్నాడు. ఒడ్డు నుంచి బోట్లతో మాట్లాడే పని ఆయనది. డెబోరా చెప్పింది విని గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎనిమిదింటికి బొగ్గు ఓడొకటి పోర్టులోకి వస్తా ఉండాది. ఇందాకే చెప్పినారు." మైకు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పమ్మా, నాకా పూత సంగతి తెలవదు. ఈ బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడాల. అయినాక వదిలేయాల. వదిలితేనే అవతలోళ్ళ మాట వస్తాది."

నొక్కింది. "మాల్యాద్రి గారూ! నేను డెబోరాని. వినపడుతోందా?" వదిలింది. గరగర తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచింది. గరగర. ల్యాబ్‌లో ఏమీ వెనక్కి రాకపోతే సంబరపడ్డ మనిషి, ఇప్పుడు ఒక్క మాట వెనక్కి రావాలని దేవుణ్ణి వేడుకుంది.

"ఎవురూ? మేడమా? మీరేంది సెట్లో?"

ప్రాణం లేచొచ్చింది. "ఆ రేకులు విప్పేయండి! వెంటనే!"

"ఎందుకు? ఇచ్చింది మళ్ళా అడుగుతుండారా?"

మధ్యలో ఇంకో బోటు నుంచి ఎవరిదో గొంతు: "ఇచ్చేయరా మాల్యాద్రీ, ఆడపిల్లతో తగువేంది పొద్దున్నే!"

"అవి రాడార్‌ని మింగేసే రేకులు! అవి కట్టుకుంటే నువ్వు ఎవ్వరికీ కనపడవు!"

ఆ గాభరాలో మీరు కాస్తా నువ్వయిపోయింది. ఆమె చూసుకోలేదు.

"గట్టిగా పట్టుకుంటాదన్నారుగదా?"

"పట్టుకుని మింగేస్తుంది! వెనక్కి పంపితేనే కదా కనపడేది!"

 ఈసారి అతని గొంతులో సరదా లేదు. "ఓడ హారన్ వినపడుతుండాది. ఎటునుంచో తెలవడంలా. వల నీళ్ళల్లో ఉండాది. ఎటు తిప్పినా దానికే ఎదురుపోతానేమో."

"పాత రేకు ఉందా బోటులో?"

వెనక నుంచి మస్తానమ్మ నెత్తి కొట్టుకుంది. "కోళ్ళ గంప మీద కప్పినా తల్లీ!"

కామాక్షయ్య ఇంకో చేతిసెట్టులో పోర్టు వాళ్ళకి, మాల్యాద్రి వేటకి పోతూ చెప్పిన చోటు చెబుతున్నాడు. అటునుంచి జవాబు వచ్చింది. ఓడవాళ్ళు రాడార్ చూస్తున్నారు, అక్కడ బోటేమీ లేదంటున్నారు.

బోటేమీ లేదు. ఆ మాట వినగానే డెబోరా గాభరా పక్కన పెట్టింది. పూత తనది. దాని గుణం తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"మాల్యాద్రీ, జాగ్రత్తగా విను. నల్లవైపు మాత్రమే పూత, వెనకంతా ఉత్త అల్యూమినియం. రెండు రేకులు తీసుకో. నల్లవైపులు రెండూ ఒకదానికొకటి ఆనించి కట్టు, మెరిసేది బయటికి ఉండాలి. ఇంకో రెండూ అంతే. రెండు జతల్నీ గోడమూల కలిసినట్టు నిలబెట్టి, ఆ మూల లోపలివైపు బయటికి తెరుచుకుని ఉండేట్టు కొయ్యకి కట్టు. మూలలో తగిలిన కిరణం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. హారన్ ఎటు గట్టిగా వినపడితే అటు తిప్పు."

"అట్నే."

అంతే. ఆ తర్వాత గరగర. ఒక నిమిషం, రెండు నిమిషాలు. చేతులకి పని ఉన్నవాడు మాట్లాడడు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అయినా ఆ గరగర వినలేకపోయింది. బటన్ నొక్కింది.

"మాల్యాద్రీ, నాకు కావలసింది రెండొందల గ్రాములే. కాయలు. ముప్ఫై ఒక్క గోతాలు తెచ్చావు. చాలు అని చెబితే నువ్వు రావని చెప్పలేదు. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. గదికి పోతే తలుపు తీసుకోవడం, తలుపు వేసుకోవడం, అంతే. అమ్మ నంబర్‌కి ఇంకా రీచార్జ్ చేస్తున్నాను, తెలుసా? పూణే పోతున్నానంటే వద్దంటావనుకున్నా. మంచిదేగా అన్నావు! ఎవరు చెప్పమన్నారు నిన్ను మంచిదని? ఇవాళ నువ్వు వద్దంటావేమోననే వచ్చా. నువ్వంటే నాకు ఇష్టం. ఇంత ఇష్టం పెట్టుకుని నిన్ను కనపడకుండా చేసే రేకులు ఇచ్చాను. నీకేమైనా అయితే నేను... మాట్లాడవేం? ఒక్క మాట మాట్లాడు. ఎందుకు మాట్లాడవు?"

"అమ్మా" అన్నాడు కామాక్షయ్య.

"మాట్లాడటంలేదు బాబాయ్!" ఆమె బావురుమంది.

"ఎట్టా మాట్లాడతాడమ్మా? బటన్ నువ్వు నొక్కిపెట్టుకోనుండావు. నువ్వు వదిలితేగదా!"

డెబోరా తన చేతి వైపు చూసుకుంది. బొటనవేలు తెల్లబారిపోయి ఉంది. అదే సమయానికి కామాక్షయ్య చేతిసెట్టు పలికింది. ఆయన చెవికి ఆనించుకుని విన్నాడు. ఆయన మొహం విప్పారింది.

"కనపడిందంట! ఓడోళ్ళకి చుక్క కనపడిందంట! పక్కకి తిప్పేసినారంట!"

మస్తానమ్మ గోడకి ఆనుకుని కింద కూలబడింది. డెబోరా బటన్ వదిలింది.

ఒక్కసారిగా సముద్రమంతా గదిలోకి వచ్చి పడింది. "ఒరే మాల్యాద్రీ, విన్యావా?" "ముప్ఫై ఒక్క గోతాలంటరా!" "అక్కా, వాడు మొద్దు, మాకు చెప్పుంటే వాడితో మేం చెప్పించేవాళ్ళం!" నాలుగైదు బోట్లు ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. ఒకాయన ఈల కూడా వేశాడు. డెబోరా మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

"గమ్మునుండండ్రా ఒక్క నిమిషం!" మాల్యాద్రి గొంతు. అందరూ ఆగారు. "మేడం... డెబోరా. ఇందాకటి నుంచి చెప్పాలని చూస్తుండా, లైను దొరికితేనా! ఓడ పక్కనించి పోయింది. దాని అలకి తడిసి ముద్దయినా, అంతే. ఇంటికి వస్తుండా. నువ్వు ఆడనే ఉండు."

మళ్ళీ మెల్లగా అన్నాడు: "నన్ను 'నువ్వు' అన్నావు. 'మీరు' అనలా."

* * *

తొమ్మిదిన్నరకి మంచు పలచబడింది. బోటు ఒడ్డుకి తగిలింది. కొయ్య మీద రెండు జతల రేకులు, తాడుతో వంకరటింకరగా కట్టినవి, ఎండకి తళతళలాడుతున్నాయి. మాల్యాద్రి నీళ్ళల్లోకి దూకి నడిచొచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. దెబ్బలేమైనా తగిలాయా అని డెబోరా అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. అతను లుంగీ చివర పిండుకున్నాడు.

"ఏంరా, ఆ అమ్మాయి అంత చెప్పింది, నువ్వేమీ చెప్పవా?" అంది మస్తానమ్మ.

"పోబాకు అంటే పోకుండా ఉంటావా?" అని అడిగాడు.

డెబోరా ఆలోచించింది. పొద్దుటి దాకా ఆ ఒక్క మాట కోసమే పడిచచ్చింది. ఇప్పుడు చిత్రంగా దాని అవసరం లేదనిపించింది.

"ఉద్యోగానికి పోతాను. నాలుగేళ్ళు కష్టపడ్డా కదా! కానీ నువ్వు అడిగావు, అది చాలు నాకు."

"అయితే నేనూ వస్తా. ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు వేట బంద్. బోట్లన్నీ ఒడ్డునే. ఆ రెండు నెలలు నేను పూణేలో ఏదో ఒకటి చేసుకుంటా."

"ఏప్రిల్‌లో నువ్వు ఏడకీ పోవు" అంది మస్తానమ్మ. "వేట ఆపినప్పుడే మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు. తల్లీ, నువ్వే సెలవు పెట్టుకుని రా. మీ అన్నకి చెప్పు, నేనూ వచ్చి మాట్లాడతా. చర్చిలోనా, మా ఇంటికాడా అనేది మీరూ మీరూ తేల్చుకోండి. అన్నాలు మాత్రం నేను పెడతా. రెండు సార్లయినా పెడతా."

"అమ్మా, ఆమె ఇంకా ఒప్పుకోలా" అన్నాడు మాల్యాద్రి. 

సంఘం గది కిటికీలోంచి కామాక్షయ్య తల బయటికి వచ్చింది. "అమ్మా, నాకు వీళ్ళతో చావొచ్చిపడింది! ఏమైందేమైందని అన్ని బోట్లోళ్ళూ సెట్టు పగలగొడుతుండారు. ఏం చెప్పేది?"

డెబోరా కళ్ళు తుడుచుకుంది. మాల్యాద్రి తడి చెయ్యి పట్టుకుని, గదిలోకి లాక్కుపోయింది. మైకు తీసుకుని బటన్ నొక్కింది.

"డెబోరాని మాట్లాడుతున్నా. నేను ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో అందరూ రండి."

అని చెప్పి, వాళ్ళ మాట వినడం కోసం వెంటనే వేలు తీసేసింది.